రోమన్ మట్టి దీపం: నమూనా చెక్కడం నుంచి వత్తి వెలిగించేదాకా

"ఫోటో చూసి చేశాం, బొమ్మ తేలలేదు." "రెండు ముక్కలూ అతకట్లేదు." "నూనె పోస్తే కింద నుంచి కారిపోతోంది." ఇంట్లో రోమన్ దీపం చేసి చూసినవాళ్ల దగ్గర్నుంచి ఈ మూడు ప్రశ్నలూ నాకు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కోటికి విడిగా జవాబు చెప్పి లాభం లేదు. చివర్లో కనపడే తప్పుకి కారణం చాలాసార్లు మొదట్లోనే ఉంటుంది. అందుకని పనంతా వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట పట్టుకోండి. రోమన్ దీపం మీద కనపడే గ్లాడియేటర్, పువ్వు, కుక్క, ఆల్చిప్ప, ఇవేవీ ఆ దీపం మీద చెక్కినవి కావు. నమూనా ఒక్కసారి చేసి, దాని నుంచి పై అచ్చు, కింది అచ్చు తీసి, ఆ అచ్చుల్లో మట్టి ఒత్తి దీపాలు చేసేవాళ్లు. బొమ్మ అచ్చులో పుడుతుంది. దీపం చేతికొచ్చాక దిద్దుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టే.

మొదటి దీపానికి మొత్తం మూడు వారాలు పెట్టుకోండి. అందులో మీ చేతి పని నాలుగైదు రోజులే, మిగతాదంతా ఆరడానికి పట్టే సమయం. దీపావళికి వెలిగించాలని ఉంటే దసరాకి ముందే మొదలుపెట్టాలి.

1. దీపం భాగాలకి పేర్లు పెట్టుకుందాం

మన ప్రమిదకి పైన మూత ఉండదు. రోమన్ల దీపం (వాళ్ల మాటలో లుకెర్నా) మూసి ఉన్న చిన్న గిన్నె. ఈ వ్యాసంలో వాడే పేర్లు ఇవి:

- తొట్టి: నూనె నిలిచే భాగం
- పళ్లెం: పైన మధ్యలో కొద్దిగా లోపలికి దిగిన గుండ్రటి చోటు. పుస్తకాల్లో డిస్కస్ అంటారు. ముఖ్యమైన బొమ్మ ఇక్కడే ఉంటుంది
- గట్టు: పళ్లెం చుట్టూ ఉండే అంచు
- ముక్కు: వత్తి బయటికి వచ్చే భాగం
- సుడులు: ముక్కుకి రెండు పక్కలా చుట్టలు తిరిగిన అలంకారం
- పీట: కింద ఆనే గుండ్రటి అడుగు
- కన్నాలు: నూనె కన్నం, వత్తి కన్నం, కొన్నిటికి ఇంకో సన్నటి కన్నం

ఆ మూడో సన్న కన్నం గాలి కోసమని కొందరు, వత్తిని జరిపే సూది కోసమని కొందరు అంటారు. నేను రెండింటికీ వాడుతున్నాను.

2. ఆకారం, బొమ్మ ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్లు గుండ్రటి తొట్టి, పొట్టి గుండ్రటి ముక్కు, పిడి లేని రకం తీసుకోండి. పొట్టి ముక్కు రకం క్రీ.శ. 1వ శతాబ్దం రెండో సగం నుంచి బాగా కనపడుతుంది. జర్మన్ పండితుడు లోష్కే 1919లో స్విట్జర్లాండ్‌లోని విండోనిస్సా అనే రోమన్ సైనిక శిబిరంలో దొరికిన దీపాలని వర్గాలుగా విడదీశాడు. మ్యూజియం చీటీల మీద "లోష్కే 1", "లోష్కే 4", "లోష్కే 8" అని ఉండేవి ఆ వర్గాలే. 1, 4 రకాలకి ముక్కు పక్కన సుడులు ఉంటాయి. 8వ రకానికి ఉండవు. మనకి ఆ 8 చాలు.

బొమ్మ విషయంలో నా సలహా, కష్టం పెరిగే వరసలో:

1. రేకుల పువ్వు. నూనె కన్నం సరిగ్గా పువ్వు మధ్యలో పడుతుంది, ఏ బొమ్మా తెగదు.
2. ఆల్చిప్ప చారలు. ఒక చోట మొదలై అంచు దాకా విచ్చుకునే గీతలు. తేలిక, చూపుకి నిండుగా ఉంటుంది.
3. పరిగెత్తే కుక్క, కుందేలు, డాల్ఫిన్. పక్కకి తిరిగిన ఒక్క జంతువు, కన్నం దాని పొట్ట కిందకి వస్తుంది.
4. ఇద్దరు గ్లాడియేటర్లు. ఒకడు నిలబడి, ఇంకొకడు పడిపోతూ. దీన్ని మూడో దీపానికి ఉంచుకోండి.
5. డాలు పట్టుకున్న విజయదేవత. రోమన్లు కొత్త సంవత్సరానికి ఇలాంటి దీపాలు చేసేవాళ్లు. డాలు మీద "అన్నుం నోవుం ఫౌస్తుం ఫెలికెం మిహి" అని, అంటే నాకు కొత్త ఏడు శుభంగా, సంతోషంగా ఉండాలని రాసి, చుట్టూ నాణేలు, ఎండు పళ్లు చెక్కేవాళ్లు. అందమైనదే, కానీ అంత చిన్న చోట అక్షరాలు తెప్పించడం పెద్ద టెన్షన్.

నేను వరస తప్పి నేరుగా నాలుగో దానికి వెళ్లాను. కన్నం ఎక్కడ పడుతుందో ముందు చూసుకోలేదు. తీరా పొడిస్తే నిలబడ్డ వీరుడి మోకాలు పోయింది. ఆ దీపం ఇంకా నా బల్ల మీదే ఉంది, కుంటివాడి దీపం అంటారు ఇంట్లో.

3. సామాన్లు

- ఎర్ర కుండ మట్టి 3 కిలోలు. కుమ్మరుల దగ్గరైనా, క్రాఫ్ట్ షాపులోనైనా
- ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 3 కిలోలు. గోడలకి పూసేది కాదు, అచ్చుల కోసం అమ్మే మెత్తటిది
- అప్పడాల కర్ర, 5 మి.మీ. మందం ఉన్న రెండు చెక్క పట్టీలు
- పాత ఏటీఎం కార్డులు రెండు
- కొబ్బరి ఈనెలు, వెదురు పుల్లలు, అయిపోయిన బాల్ పెన్ రీఫిళ్లు
- మార్కర్ పెన్ను మూత ఒకటి, సన్న పెన్ను మూత ఒకటి
- స్పాంజి, పల్చటి నూలు బట్ట, రెండు బకెట్లు
- బట్టల సబ్బు, మెత్తటి బ్రష్
- సైకిల్ ట్యూబు కోసిన పట్టీలు, అచ్చు కట్టడానికి
- అట్టపెట్టె ముక్కలు, టేపు

శిల్పాలు చెక్కే పనిముట్ల సెట్టు కొనక్కర్లేదు. కొబ్బరి ఈనె మొనని సాన పెట్టుకుంటే దానంత సన్నగా గీసే పనిముట్టు ఇంకోటి నాకు దొరకలేదు.

4. మట్టిని తేర్చడం

కుండకి సరిపోయే మట్టి దీపానికి సరిపోదు. దీపం గోడ 4, 5 మి.మీ. మందమే. అందులో ఒక ఇసక రాయి ఉంటే బొమ్మ ముఖం మీదే తేలుతుంది.

1. మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, బకెట్ నీళ్లలో ఒక రోజు నానబెట్టండి.
2. చేత్తో బాగా కలిపి ఒక్క నిమిషం వదిలేయండి. ఇసక, రాళ్లు అడుక్కి దిగుతాయి.
3. పైన ఉన్న చిక్కటి నీళ్లని బట్టలో వడగడుతూ రెండో బకెట్‌లోకి వంపండి. అడుగున మిగిలింది మొక్కలకి వేసేయండి.
4. రెండో బకెట్‌ని రెండు రోజులు కదపకండి. పైకి తేరిన నీళ్లు తీసేయండి.
5. మిగిలిన బురదని బట్టలో మూటకట్టి వేలాడదీయండి. చపాతీ పిండిలా అయ్యాక బాగా పిసకండి.

సరిపోయిందో లేదో చూడ్డానికి చిటికెన వేలంత తాడు చేసి వేలికి చుట్టండి. పగుళ్లు రాకపోతే మంచిది. చిన్న పగుళ్లు వస్తే నీళ్లు తక్కువ. పటపటా తెగిపోతుంటే మట్టిలో జిగట లేదు, ఇంకో చోట నుంచి తెచ్చుకోవాలి.

ఇంకో పరీక్ష కూడా చేసి పెట్టుకోండి, దీన్ని మాత్రం వదలొద్దు. ఒక మట్టి పట్టీ మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీయండి. ఆరి, కాలిన తర్వాత కొలవండి. 9 సెం.మీ. వస్తే మీ మట్టి పదో వంతు కుంచించుకుపోతోందన్నమాట. కింద నేనిచ్చిన కొలతలన్నీ ఆ లెక్క మీదే వేశాను.

5. నమూనా చేయడం

పూర్తయిన దీపం 10 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. ఎత్తు రావాలంటే నమూనా సుమారు 11.1, 8.3, 3.3 ఉండాలి. ఇది లోపల బోలు లేని గట్టి ముద్ద.

1. మట్టి ముద్దని ఆ కొలతకి తట్టి, ముక్కు వైపు కొద్దిగా లాగండి.
2. ఏటీఎం కార్డుని దీపం పైభాగం సగం ఆకారానికి కత్తిరించండి: గట్టు వంపు, గట్టుకీ పళ్లేనికీ మధ్య రెండు చిన్న మెట్లు, తర్వాత పళ్లెం పల్లం.
3. ముద్ద మధ్యలో ఒక పుల్ల గుచ్చి, దాన్ని ఇరుసుగా చేసుకుని కార్డుని గుండ్రంగా తిప్పండి. రోమన్ దీపాల్లో కనపడే ఆ చక్కటి వలయాలు ఇలా తిప్పితేనే వస్తాయి, చేత్తో గీస్తే రావు.
4. పళ్లెం 4 నుంచి 5 మి.మీ. లోతు ఉండాలి. ఈ పల్లం అందానికే కాదు. నూనె పోసేటప్పుడు నాలుగు చుక్కలు పక్కన పడ్డా ఇందులోనే ఆగి, మళ్లీ కన్నంలోకి దిగుతాయి.
5. బట్ట కప్పి అరపచ్చిగా ఆరనివ్వండి. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. చెక్కడానికి అదే అదును.

నమూనా అచ్చులోంచి ఊడి రావాలి కాబట్టి ఇక్కడ ఒక నియమం ఉంది. దీపాన్ని నేరుగా పై నుంచి ఒక కన్ను మూసి చూడండి. గట్టు కంటే లోపలికి దాక్కున్న చోటు ఏదైనా ఉంటే అచ్చు అక్కడ పట్టేస్తుంది. దీపం అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట చుట్టూ సన్నటి గీత గీయండి. రెండు అచ్చులూ కలిసే హద్దు అదే. గీతకి పైన అంతా పైకి, కింద అంతా కిందకి సన్నబడుతూ పోవాలి.

6. బొమ్మ చెక్కడం

ఇక్కడ తొందర పడకండి. నేను ఒక పూట మొత్తం దీనికే ఇస్తాను.

ముందు కన్నాలు. పళ్లెం మీద నూనె కన్నం చోటు, ముక్కు మీద వత్తి కన్నం చోటు పుల్లతో గుండ్రంగా గుర్తు పెట్టండి. ఇప్పుడే పొడవకండి. గుర్తు సన్నగా ఉంటే అచ్చులోకి, అక్కడి నుంచి ప్రతి దీపం మీదకీ దిగుతుంది, కోయడం తేలికవుతుంది.

తర్వాత బొమ్మ. పువ్వు అనుకుందాం. పళ్లెం మధ్య నుంచి అంచు దాకా ముందు 4 గీతలు, వాటి మధ్య 4, మళ్లీ మధ్యలో 8, మొత్తం 16 గీతలు గీయండి. పిజ్జా ముక్కలు కోసినట్టు. కోణాలు కొలవక్కర్లేదు. రెండేసి గీతల మధ్య ఒక రేకు. రేకు చివర అంచు దగ్గర గుండ్రంగా, మధ్య వైపు సన్నగా ఉండాలి. రేకు మధ్యభాగాన్ని రీఫిల్ వెనక భాగంతో లోపలికి నొక్కి, అంచుల్ని అలాగే ఎత్తుగా వదిలేస్తే వెలుగు పడినప్పుడు రేకు విచ్చుకున్నట్టు కనపడుతుంది.

జంతువు అయితే పద్ధతి వేరు. పళ్లెంలో చెక్కి తీయకండి, పైన అతకండి. గోధుమ గింజంత మట్టి ముక్కలు తీసుకుని, పొట్ట ఒకటి, తొడ ఒకటి, తల ఒకటి, చిటికెడు నీటితో అంటించి ఆ తర్వాత ఈనెతో దిద్దండి. ఎత్తు 2 మి.మీ. దాకా ఉండాలి. అంతకంటే తక్కువైతే పూత కింద మునిగిపోతుంది. బాగా ఎక్కువైతే కుక్క పొట్ట కింద మట్టి ఇరుక్కుని అచ్చులోనే ఉండిపోతుంది. బొమ్మ పక్కలు నిట్టనిలువుగా కాకుండా కొంచెం వాలుగా ఉండాలి. కళ్లు, చెవులు, గోళ్లు అవసరానికి కొంచెం మించి లోతుగా దిద్దండి. నమూనా నుంచి అచ్చుకి, అచ్చు నుంచి మట్టికి, పూత కిందకి, బట్టీలోకి, ప్రతి అడుగులో కొంచెం కొంచెం అరుగుతుంది.

గట్టు మీద వరసగా గుడ్డు ఆకారాలో, నాలుకల ఆకారాలో వేస్తే దీపానికి రోమన్ కళ వచ్చేస్తుంది. ఒక వెదురు పుల్ల కొనని ఆ ఆకారానికి చెక్కుకుని అచ్చుముద్రలా ఒత్తుకుంటూ పోవడమే. తప్పు జరిగేది ఆఖరి రెండు ముద్రల దగ్గర, చోటు చాలక. అందుకే ముక్కు దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా వెనక్కి వెళ్లండి. తేడా వస్తే అది వెనకవైపుకి పోతుంది.

అడుగున పేరు వేయాలనుకునేవాళ్లకి: నమూనా మీద అక్షరాలు మామూలుగా, చదవడానికి వచ్చేలా రాయండి. అచ్చులో తిరగబడతాయి, దీపం మీద మళ్లీ సరవుతాయి. నేరుగా అచ్చులో చెక్కితే మాత్రం అద్దంలో కనపడేటట్టు రాయాలి. ఉత్తర ఇటలీలో తయారై ఎగుమతైన దీపాల అడుగున ఫోర్టిస్ లాంటి తయారీదారుల పేర్లు ఉబ్బెత్తు అక్షరాల్లో వచ్చేవి ఇలాగే. మీ పేరు, చేసిన సంవత్సరం తప్పకుండా వేయండి. పాతబడ్డాక ఎవరైనా దాన్ని పురాతన వస్తువని అమ్మకుండా ఉంటారు.

చెక్కడం ముగించే ముందు ఒకసారి:

- నూనె కన్నం గుర్తు బొమ్మని తాకట్లేదు కదా?
- టార్చి పక్క నుంచి వేస్తే ప్రతి గీతా నీడ ఇస్తోందా?
- పై నుంచి చూస్తే దాక్కున్న మూలలు లేవు కదా?
- ముక్కు మీద వత్తి కన్నానికి 12 మి.మీ. చోటు ఉందా?

7. అచ్చు పోయడం

1. పళ్లెం పైకి ఉండేలా నమూనాని హద్దు గీత దాకా మెత్తటి మట్టి పడకలో దించండి. చుట్టూ పడక పైభాగం చదునుగా ఉండాలి.
2. పడకలో నాలుగు మూలలా బొటనవేలితో గుంటలు నొక్కండి. రెండు అచ్చులూ సరిగ్గా కూర్చోవడానికి ఇవే తాళాలు.
3. నమూనాకి అన్ని వైపులా 2.5 సెం.మీ. వదిలి అట్ట గోడలు కట్టండి. మూలలకి టేపు, కిందకి మట్టి.
4. 700 మి.లీ. నీళ్లలో 1 కిలో ప్లాస్టర్ చల్లండి. నీళ్లలో ప్లాస్టర్ వేయాలి, ప్లాస్టర్‌లో నీళ్లు పోయకూడదు. రెండు నిమిషాలు నాననిచ్చి, చెయ్యి అడుగునే ఉంచి మెల్లగా కలపండి.
5. ముందు బ్రష్‌తో కొంచెం బొమ్మ మీద పూయండి. గీతల్లోకి దిగుతుంది, బుడగలు పోతాయి. తర్వాత మిగతాది ఒక మూల నుంచి పోయండి.
6. బల్లని కింద నుంచి పిడికిలితో తట్టండి.

అరగంటలో గట్టిపడుతుంది. మధ్యలో వేడెక్కితే కంగారు పడకండి, అది మామూలే. చల్లారాక బోర్లించి మట్టి పడక తీసేయండి, నమూనా మాత్రం కదపకండి. ఇప్పుడు సబ్బు నీళ్లు. సబ్బు తురిమి వేడినీళ్లలో జావలా కరిగించి, బయటపడ్డ ప్లాస్టర్ అంచు మీద మూడుసార్లు పూసి తుడవండి. ఇది మర్చిపోతే రెండు అచ్చులూ ఒకే రాయి అయిపోతాయి. నమూనా తడిగా ఉన్న మట్టి కాబట్టి దానికి సబ్బు అక్కర్లేదు. అచ్చు లోపలి ముఖానికి సబ్బు తగలనివ్వకండి, తర్వాత అది మట్టిలోని నీళ్లు పీల్చడం మానేస్తుంది. మళ్లీ గోడలు కట్టి కింది సగం పోయండి.

మిగిలిన ప్లాస్టర్ సింకులో పోయకండి. పైపు లోపల గట్టిపడితే ప్లంబర్‌కి ఇచ్చే డబ్బులకి పది దీపాలు కొనుక్కోవచ్చు.

అచ్చులు విడదీసి, నమూనా తీసేసి, నీడలో వారం రోజులు ఆరనివ్వండి. చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

బుడగల గురించి ఒక ముచ్చట. ప్లాస్టర్‌లో బుడగ ఉన్న చోట దీపం మీద ఆవగింజంత గుండ్రటి బొడిపె వస్తుంది. మ్యూజియంలోని అసలు దీపాల మీద కూడా ఈ బొడిపెలు కనపడతాయి. అవి ప్లాస్టర్ అచ్చులో చేసినవని గుర్తుపట్టేది వాటితోనే. కాబట్టి ఒకటీ అరా ఉంటే వదిలేయండి. బొమ్మ ముఖం మీదే ఉంటే పచ్చిగా ఉన్నప్పుడు ఈనెతో గిల్లేయండి.

8. మట్టి ఒత్తడం, అతకడం

రెండు పట్టీల మధ్య మట్టి పెట్టి అప్పడాల కర్రతో 5 మి.మీ. పలక చేయండి. పై అచ్చులో పలకని పరిచి, ముందు బొమ్మ మీద బొటనవేలితో గట్టిగా, మధ్య నుంచి బయటికి ఒత్తుకుంటూ వెళ్లండి. మట్టిని చిన్న చిన్న ముద్దలుగా వేసి నింపకండి. ముద్దకీ ముద్దకీ మధ్య మడత పడి, కుక్క నడుం మీద గీతలా తేలుతుంది. ముక్కులోకి విడిగా వేలు పెట్టి ఒత్తాలి, పలచబడేది అక్కడే. కింది సగం కూడా అంతే.

అంచుల్ని కార్డుతో కోసేయండి, కానీ అచ్చు కంటే 1 మి.మీ. ఎత్తుగా వదలండి. కలిపినప్పుడు ఆ 1 మి.మీ. నలిగితేనే అతుకు.

ఇక అతుకు. దీపం మూసుకున్నాక లోపలికి వేలు వెళ్లదు, లోపలి అతుకుని దిద్దే దారే లేదు. కాబట్టి మూయకముందే సర్దాలి. రెండు అంచులూ ఫోర్కుతో గీరి, అదే మట్టితో కలిపిన చిక్కటి బురద పూయండి. తర్వాత కింది సగం అంచు లోపలి వైపు అగ్గిపుల్లంత సన్నటి మట్టి తాడు చుట్టూ పెట్టండి. రెండు అచ్చులూ కలిపి, తాళాలు కూర్చున్నాయని చూసుకుని, నిలబడి ఒంటి బరువు వేసి నొక్కండి. ఆ తాడు లోపల నలిగి, సందులో మెత్తినట్టు అయిపోతుంది. ఇది తెలియక ముందు నా దీపాల్లో సగం అతుకు దగ్గరే కారేవి.

సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి గంట, గంటన్నర వదలండి. ప్లాస్టర్ నీళ్లు లాగేస్తుంది, మట్టి కొద్దిగా ముడుచుకుని అచ్చు నుంచి వదులుతుంది. బోర్లించి ముందు కింది అచ్చు తీయండి, దీపం అడుగున బల్ల ఆనించి తిరగేసి, తర్వాత పై అచ్చు లేపండి. రాకపోతే లాగకండి, ఇంకో అరగంట ఆగండి.

9. కన్నాలు, అతుకు గీత

కన్నాలు వెంటనే పొడవాలి, ఆరనివ్వకూడదు. ఆరాక పొడిస్తే ముక్కు పగులుతుంది. మూసి ఉన్న దీపం లోపలి తడి బయటికి పోవాలన్నా కన్నాలే దారి.

- వత్తి కన్నం 10 నుంచి 12 మి.మీ.: మార్కర్ మూతని తిప్పుతూ దించి, మట్టి బిళ్లని బయటికి లాగండి
- నూనె కన్నం 6 నుంచి 8 మి.మీ.: సన్న పెన్ను మూతతో
- మూడో కన్నం 2 మి.మీ.: పళ్లేనికీ ముక్కుకీ మధ్య, ఈనెతో

బిళ్ల లోపల పడిపోతే వేళ్లు పెట్టి కెలక్కండి. ఆరాక కన్నం కిందకి ఉంచి ఊపితే అదే వస్తుంది. చుట్టూ ఉన్న అతుకు గీతని మర్నాడు కార్డుతో గీకి, తడి స్పాంజితో ఒక్కసారి తుడవండి. స్పాంజి బొమ్మ దాకా వెళ్లకూడదు.

10. పూత

రోమన్ దీపాల మీద కనపడే ఎర్రటి నునుపు ఇప్పటి గ్లేజు లాంటి గాజు పూత కాదు. బాగా తేర్చిన మట్టి పూత.

3.5 లీటర్ల నీళ్లలో 7.5 గ్రాముల వాషింగ్ సోడా కరిగించి, 1.5 కిలోల ఎండిన ఎర్రమట్టి పొడి కలపండి. ఒక రోజు కదపకుండా వదలండి. పైన నీళ్లు, మధ్యలో పాలలాంటి పొర, కింద ముద్ద ఉంటాయి. సన్న గొట్టంతో ఆ మధ్య పొరని మాత్రం లాక్కోండి. అదే పూత. పాలంత పల్చగా ఉండాలి.

దీపం పూర్తిగా ఆరాక (ఎలా ఆరబెట్టాలో కింద 11లో ఉంది), దుమ్ము ఊది, పీట పట్టుకుని తలకిందులుగా ముంచి ఒక్క క్షణంలో తీసేయండి. రెండుసార్లు చాలు, మూడోసారికి బొమ్మ గీతలు పూడిపోతాయి. మీ వేళ్ల గుర్తులు అడుగున పడతాయి. చెరపకండి, అసలు దీపాల మీద కూడా పని చేసినవాళ్ల వేలిముద్రలు అలాగే ఉండిపోయాయి. మెరుపు కావాలంటే పూత తడి ఆరగానే మెత్తటి గుడ్డతో రుద్దండి.

11. ఆరబెట్టడం, కాల్చడం

వారం రోజులు నీడలో, మొదటి రెండు రోజులు పైన బట్ట కప్పి. ఎండలో పెడితే ముక్కు ముందు ఆరి, తొట్టి తర్వాత ఆరి, రెండింటి మధ్య పగులు వస్తుంది.

స్టూడియోలో కరెంటు బట్టీ దొరికితే మొదట 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు నిలపమనండి, తర్వాత మెల్లగా 900 దాకా. వేగంగా పెంచితే మట్టిలోని తడి ఆవిరై దీపాన్ని పేల్చేస్తుంది. 950 దాటించొద్దు, పూత మెరుపు చచ్చిపోతుంది.

బట్టీ లేకపోతే కుమ్మరి ఆవంలో పెట్టించుకోవచ్చు. దీపాల్ని నేరుగా పెట్టకుండా కాలిన పాత కుండలో సర్ది, పైన మూకుడు మూయండి. బొగ్గు, పొగ తగలకుండా ఎరుపు నిలుస్తుంది. నేను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రమిదకి మూతెందుకు బాబూ, గాలాడద్దా?" అన్నాడు. కన్నాలు చూపించాక చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, "ఇది ఇంకా పచ్చిగానే ఉంది, వచ్చే ఆవానికి తీసుకురా" అని పంపేశాడు. ఆయన చెప్పింది నిజమే. వారం తర్వాత తట్టి చూస్తే చప్పుడే మారిపోయింది.

ఇంట్లో ఓవెన్, గ్యాస్ పొయ్యి దీనికి పనికిరావు.

12. వెలిగించడం

దీపావళి ముందు ప్రమిదల్ని నీళ్లలో నానబెడతాం కదా, నూనె తాగకుండా. ఇక్కడా అదే. రెండు గంటలు నానబెట్టి, లోపలి నీళ్లు పూర్తిగా వంపి, పైన తడి ఆరేదాకా ఆగండి. లోపల నీటి చుక్క మిగిలితే వత్తి చిటపటలాడుతుంది.

- నూనె: రోమన్లు ఎక్కువగా ఆలివ్ నూనె వాడారు. నువ్వుల నూనె చక్కగా పనిచేస్తుంది. ఆముదం చిక్కన, వత్తిలో మెల్లగా ఎక్కుతుంది, చలికాలంలో మరీను
- వత్తి: వాళ్లు నార వాడారు, మనకి నూలు చాలు. నాలుగైదు పోగులు కలిపి గట్టిగా పేనితే 5, 6 మి.మీ. మందం వస్తుంది. పువ్వొత్తులు ఇందులో నిలబడవు, పొడుగు వత్తే కావాలి
- వత్తిని ముందు నూనెలో ముంచి, ముక్కులోంచి లోపలికి తోసి, తొట్టి అడుగుని తాకేలా పెట్టండి
- బయటికి 3 నుంచి 5 మి.మీ. మాత్రమే కనపడాలి
- నూనె మూడు వంతులకి మించి పోయకండి
- దీపం కింద ఎప్పుడూ ఒక ప్లేటు

13. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం

బొమ్మ మసకగా వచ్చింది: అచ్చు బాగుంటే మీరు ఒత్తింది చాలలేదు, లేదా మట్టి గట్టిగా ఉంది. అచ్చులోనే మసకగా ఉంటే నమూనా మళ్లీ దిద్దాలి. పూర్తయిన దీపం నుంచే అచ్చు తీసేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. రోమన్ కాలంలోనూ పక్కవాడి దీపం కొని అచ్చు తీసినవాళ్లు ఉన్నారు. లెక్క చూడండి: 10 సెం.మీ. దీపం నుంచి తీస్తే 9, దాని నుంచి మళ్లీ తీస్తే 8.1, ఇంకోసారికి 7.3. ప్రతిసారీ దీపం చిన్నదవుతుంది, ముఖాలు చెరిగిపోతాయి.

దీపం అచ్చులో అంటుకుపోయింది: అచ్చు తడిగా ఉంది, లేదా నమూనాలో దాక్కున్న మూల ఉంది. ప్రతిసారీ ఒకే చోట అంటుకుంటే మూలే కారణం, అచ్చులో ఆ చోటుని ఈనెతో కొంచెం వాలుగా గీకండి. ఒక రోజులో నాలుగైదు దీపాలు చేశాక అంటుకుంటుంటే అచ్చు నీళ్లు తాగేసింది, రెండు రోజులు ఆరబెట్టండి.

అతుకు దగ్గర కారుతోంది: కాలిన దీపానికి మందు లేదు. అలంకారంగా ఉంచుకోండి.

దీపమంతా చెమ్మగిలినట్టు నూనె పడుతోంది: మట్టి గుల్లగా ఉంది. ఈసారి కాల్చేటప్పుడు వేడి కొంచెం పెంచండి. ఉన్నదాన్ని చిక్కటి గంజిలో మరిగించి ఆరబెడితే కొంత తగ్గుతుంది.

పొగ వస్తోంది: వత్తి ఎక్కువగా బయటికి ఉంది. సూదితో వెనక్కి జరపండి.

మంట కాసేపటికే చిన్నదై ఆరిపోతోంది: వత్తి కన్నంలో మరీ బిగుతుగా ఉందేమో చూడండి. నలిగిన వత్తిలో నూనె ఎక్కదు. రెండు పోగులు తీసేయండి. అయినా అలాగే ఉంటే కొన మసి కత్తిరించి, మూడో కన్నంలోంచి సూది పెట్టి వత్తిని కొంచెం ముందుకి తోయండి.

ముక్కు చుట్టూ నల్లబడింది: అది వెలిగిన దీపం, నల్లబడకుండా ఎలా ఉంటుంది? సబ్బుతో తోమకండి, పూత పోతుంది. పొడి గుడ్డతో తుడిచి, మిగిలిన నూనె వంపేసి, బోర్లించి పెట్టండి. నూనె లోపలే వదిలేస్తే నెలకల్లా జిగురులా గట్టిపడి, ఆ తర్వాత ఏ వత్తీ లోపలికి దిగదు.